రెండొందల పద్నాలుగు మంది

పేరు కత్తిరించుడు మర్చిపోయిన.
అంతే, అనుకున్న మొదట.

నల్గొండ పెద్దదవాఖాన, ఆర్థో ఓపీ,
పన్నెండు గంటల లైను.
గోడకు వెలిగే తెల్లడబ్బా మీద
ఒక వెన్నుపూస.
సున్నం పోసి గడ్డకట్టించినట్టు
పూసకు పూసకు నడుమ సందు లేదు.
పుస్తకంల బొమ్మకన్న బాగుండె.
బాగుండె అన్నది నా మాటనే.
ఇప్పుడు రాస్తుంటె పండ్ల కింద ఇసుక తగుల్తున్నది.

ఫోన్ తీసిన, స్టోరీ పెట్టిన.
"నల్గొండ స్పెషల్" అని, పక్కకు నిప్పు బొమ్మ.
నవ్వు బొమ్మ పెట్టలే గదా అని
ఇయ్యాల్టికి నాకు నేనే చెప్పుకుంట.
జూనియర్లు దండాలు పెట్టిండ్రు.
కాకినాడల చదివే దోస్తు
"మాకిట్లాంటి కేసులు రావురా, లక్కీ" అన్నడు.
లక్కీ.
మెస్సుల పచ్చిపులుసు కలుపుకుంట లెక్క చూసుకున్న:
రెండొందల పద్నాలుగు మంది చూసిండ్రు.

ఫిల్మ్ మూలకు చీమలంత అక్షరాలు:
అంతమ్మ, యాభై ఎనిమిది, ఊరి పేరు.
కేస్ షీట్ నింపాలంటె రోజూ ముందు ఆ మూలకే చూస్త.
ఆ పొద్దు చూడలే.

చండూరుల మీసేవ కాడ కూసునే నవనీత
ఆమె మనుమరాలు.
నవనీతకు నేనెవరో తెల్వదు.
మా బ్యాచ్ పిల్ల చెల్లెలు ఆమెకు ఇంటర్ దోస్తు.
జిల్లా అంటె ఎంత,
ఒక్క దేవరకొండ బస్సుల పడ్తం అందరం.

మల్ల సోమవారం వచ్చింది అంతమ్మ.
నేలను చూసుకుంట నడిచే మనిషి,
నా మొకం చూడాలంటె
ఒళ్ళంత పక్కకు తిప్పాలె.
తిప్పింది.
పెద్దసారుకు చెప్తదేమో,
పదిమందిల కడుగుతదేమో అని
గొంతుల మాటలు వరుస పెట్టుకొని నిలబడ్డ.

"నా బొక్కలు నీ ఫోన్ల పెట్టినవంట గద బిడ్డా."
అవునమ్మా.
"శానమంది చూసిండ్రంట."
అవును.
"మందు ఉన్నదని ఎవలన్న చెప్పిండ్రా?"

రెండొందల పద్నాలుగు మందిని
ఒక్కొక్కర్ని తిరగేసిన మనసుల.
నిప్పు, చప్పట్లు, దండం,
కండ్లల్ల చుక్కలున్న పసుప్పచ్చ మొకం.
ఏ ఊరామె అని గూడ
ఒక్కడు అడగలే.
లేదమ్మా, అన్న.
"పోనియ్, చూసిండ్రు గద" అన్నది,
నన్నే ఓదార్చినట్టు.

అడగకుండ పెట్టిన, తప్పైందమ్మా అంటె
"అడిగితె మంచి చీరన్న కట్టుకొద్దును" అన్నది.
ఎక్స్‌రేల చీర కనపడదమ్మా అనబోయి
నోరు మూసుకున్న.
ఆమెకు తెల్వక అన్నదా, తెలిసే అన్నదా,
ఇప్పటికీ తేలలే.

మా యూనిట్ సారుకు నేనే పోయి చెప్పిన.
తిట్టలే.
"ఫోను ఏప్రాన్ జేబుల ఉన్నంతసేపు
అది గూడ డ్యూటీల ఉన్నట్టేరా" అని
ఛాయ్ సల్లారేదాక కిటికీ దిక్కు చూసిండు.
తిడితె బాగుండు.

స్టోరీ ఎప్పుడో తీసేసిన.
తీసేసుడంటె ఏంది,
పనిచేసే వేలికి తెలుసు, చూసిన కంటికి తెల్వదు.
నా పేరు కింద "కాబోయే డాక్టర్" అని ఉండె.
అది గూడ తీసేద్దామని వేలు పెట్టి ఆగిన.
తీసేస్తె తప్పించుకున్నట్టే.
ఉంచిన. చూసినప్పుడల్ల గుచ్చుకోని.

అంతమ్మ నెలకోపారి వస్తది.
ఆమె ఒళ్ళు తిప్పకముందే
పొట్టి స్టూలు గుంజుకొని కింద కూసుంట,
చూపుకు అందేటట్టు.
"ఇయ్యాల ఫోటువ లేదా" అంటది.
ఫోన్ రూముల పెట్టొచ్చినమ్మా, అంట.
నిజమే.
ఒక్కోపారి అబద్ధం.